జలుబు, అలర్జీ మిశ్రమ మందులు

తుమ్ములు, ముక్కు కారడం, ముక్కు దిబ్బడ, జ్వరం వంటి లక్షణాలకు రెండు మూడు మందులను ఒకే మాత్రలోనో సిరప్‌లోనో కలిపి ఇచ్చేవి మిశ్రమ మందులు. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిలెఫ్రిన్, పారాసెటమాల్ కలిపినవి జలుబుకు, లెవోసెటిరిజిన్ 5 మి.గ్రా., మాంటెలుకాస్ట్ 10 మి.గ్రా. కలిపిన మాత్ర అలర్జీకి ఎక్కువగా వాడతారు. జలుబు వైరస్‌పై ఇవి పనిచేయవు. అది తగ్గేదాకా బాధను ఓర్చుకోదగ్గట్టు చేస్తాయి.

శరీరంలో విడుదలయ్యే హిస్టమిన్‌ను క్లోర్‌ఫెనిరమిన్ అడ్డుకోవడంతో తుమ్ములు, నీళ్లు కారడం తగ్గుతాయి. అది మెదడులోకీ చేరుతుంది కనుక మగత వస్తుంది. ఆ మగత ఎంత ప్రమాదమో వాహనం నడిపేవారిని చూస్తే తెలుస్తుంది. తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లా గుమ్మిడిపూండి తాలూకాలోని ఎలవూరు చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీద ఉంది. ఆంధ్ర సరిహద్దు దగ్గర అక్కడున్న చెక్‌పోస్టు వద్ద లారీలు ఆగుతాయి. రాత్రంతా బండి నడపాల్సిన డ్రైవరు ఈ మాత్ర వేసుకుని స్టీరింగు పట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. మద్యం తోడైతే మత్తు మరింత పెరుగుతుంది.

ఫెనిలెఫ్రిన్ రక్తనాళాలను కుంచింపజేస్తుంది. అందుకే బీపీ, గుండెజబ్బు ఉన్నవారు ముందే డాక్టరుకు చెప్పాలి. గ్లకోమా, ప్రోస్టేట్ సమస్య ఉన్నవారికి క్లోర్‌ఫెనిరమిన్‌తోనూ ఇబ్బందే. నోటి ద్వారా తీసుకున్న ఫెనిలెఫ్రిన్ ముక్కు దిబ్బడను తగ్గించదని 2023 సెప్టెంబరులో అమెరికా ఔషధ సంస్థ నిపుణుల సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. మాంటెలుకాస్ట్ వల్ల కొందరిలో పీడకలలు, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని అదే సంస్థ 2020 మార్చిలో లేబుల్‌పై తీవ్ర హెచ్చరికను తప్పనిసరి చేసింది.

పిల్లల విషయం మరీ ముఖ్యం. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని లేబుల్ మీద ముద్రించాలని 2023 డిసెంబరులో భారత ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కోల్డ్రిఫ్ అనే జలుబు సిరప్ తాగిన ఇరవైమందికి పైగా పిల్లలు మూత్రపిండాలు దెబ్బతిని చనిపోయారు. ఆ సిరప్ తమిళనాడులోనే, కాంచీపురం జిల్లా సుంగువార్‌ఛత్రంలోని శ్రేసన్ ఫార్మాస్యూటికల్స్‌లో తయారైంది. తమిళనాడు ప్రయోగశాల పరీక్షలో అందులో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం బయటపడింది. అనుమతించే గరిష్ఠ పరిమితి 0.1 శాతం. రాష్ట్రం ఆ మందు అమ్మకాన్ని నిషేధించి, కంపెనీ లైసెన్సును రద్దు చేసింది. ఆ మరణాలకు కారణం కల్తీ. అయితే చనిపోయినవారిలో ఎక్కువమంది ఐదేళ్లలోపువారే.

మరో చిక్కు లేబుల్. కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో, లోపలి మందుల పేర్లు చిన్న అక్షరాల్లో, ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. ఎలవూరులాంటి చోట తెలుగో తమిళమో మాత్రమే చదవగలిగినవారికి లేబుల్ మీది హెచ్చరిక ఉన్నా లేనట్టే. లోపల ఏముందో తెలియక, జ్వరానికి విడిగా పారాసెటమాల్ వేసుకుంటూ అదే మందు ఉన్న జలుబు మాత్రా తోడు చేస్తే మోతాదు రెట్టింపు కావచ్చు. పెద్దలకు రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయం దెబ్బతినవచ్చు. ఎర్ర గీత ఉన్న స్ట్రిప్‌ను డాక్టరు చీటీ లేకుండా అడగవద్దు. ఇంట్లో ఇప్పటికే వాడుతున్న మాత్రల స్ట్రిప్‌లన్నీ డాక్టరుకు చూపించి, వాటిలో ఏమేం కలిసి ఉన్నాయో మీ భాషలో చెప్పించుకోండి.