పులిజూదంలో పైచేయి ఎవరిది?

నల్లమల అంచున, అమ్రాబాదు ప్రాంతంలో మేకలు కాచే ఇంట పులి అన్నమాట వట్టి కథ కాదు. పూర్వపు మహబూబ్‌నగరు, నల్లగొండ జిల్లాలలో వ్యాపించిన ఆ అడవి నేడు పులుల రక్షణకేంద్రం. అటువంటి సీమలో పిల్లలు నేలమీద గీతలు గీచి, గులకరాళ్లను పులులుగాను చింతగింజలను మేకలుగాను చేసి ఆడుకొన్నారంటే వింత లేదు. అయితే ఈ ఆట మన సొత్తే అనుకోరాదు. తమిళులకు ఆడుపులి ఆట్టమున్నది, కన్నడిగులకు ఆడుహులి ఉన్నది, నేపాలులో బాఘ్‌చాల్ ఉన్నది.

ఈ ఆట ఎంత పాతది? హంపి మండపాల రాతినేలమీద ఆటల పటాలు చెక్కి ఉన్నవి. కాని గుడి కట్టిన నాటిదే గీత అని చెప్పడం తొందరపాటు. నీడకు చేరిన ఏ కాపరి అయినా ఏ కాలంలోనైనా గీచి ఉండవచ్చును. మహబూబ్‌నగరు జిల్లా బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల యుద్ధాలను ప్రక్కకు నెట్టి, జనుల తిండికి, బట్టకు, ఆటపాటలకు పీట వేసినది. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగున తొలి బహుమతి దానికే ఇచ్చినది. ఆటలను చరిత్రలో చేర్చడం అల్పమని తలచేవారికి అంతకుమించిన సమాధానం అక్కరలేదు.

ఇక ఆటలోని చమత్కారం చూడండి. పటంలో శిఖరాన ఒక చోటు, మూడు అడ్డగీతల మీద ఆరేసి, అడుగున నాలుగు: వెరసి 23. పులులు 3, మేకలు 15. మేకలను ఒక్కొక్కటిగా దించాలి. అన్నీ దిగేవరకు ఏదీ కదలరాదు. పులి మాత్రం ఆదినుండి తిరుగుతూనే ఉంటుంది. మేకకు ఆవల ఖాళీ ఉంటే దూకి చంపుతుంది. అందుచేత తెలిసినవాడు మొదట మూలలు నింపుతాడు, అచ్చటి మేకను దూకడానికి దానికి ఆవల చోటు లేదు గనుక. ఒక్క మేక చావకుండా 15 దిగినవా, పులులతో కలిపి 18 చోట్లు నిండి 5 మాత్రమే మిగులుతవి. పులులకు ఊపిరాడదు. కాని అసలు గండం అప్పుడే వస్తుంది. దించడానికి మేక లేదు, కదలక తప్పదు; తాను పన్నిన వలను తానే విప్పుకోవాలి!

ఎవరిది పైచేయి అన్న తగవు ఏ రచ్చబండ మీదా తెగలేదు. ఎన్ని మేకలు చస్తే పులి గెలిచినట్లో ఊరికొక లెక్క ఉన్నది. ఒకచోట ఐదు చాలును, మరొకచోట చాలదు. ఇది ఆట నేర్వనివారి గందరగోళం కాదని నా తలంపు. పులికి బలం హెచ్చిందని తోచినచోట ఆటగాండ్రే లెక్క పెంచి తూకం సరిచేసుకొన్నారు. చుట్టూ నిలబడి సలహాలిచ్చేవారే న్యాయాధిపతులు.

బాఘ్‌చాల్‌లో చోట్లు 25, పులులు 4, మేకలు 20. ఈ శతాబ్ది మొదటి దశకంలో గణకయంత్రంతో లెక్కకట్టిన పండితులు, ఇరువురూ తప్పు చేయకుండా ఆడితే గెలుపోటములు ఉండవని తేల్చినారు. మన ముక్కోణపు పటం వేరు గనుక ఆ తీర్పు దీనికి చెల్లదు. ఇప్పుడు పులిజూదం చేతిలోని ఫోనులోకి కూడ వచ్చినది. అందులో లెక్క యంత్రం చేసినవాడు పెట్టినదే. ఒప్పుకోనంటే వినేవాడు లేడు.

మా మేనమామతో అట్లా కాదు, వాదించవచ్చును. ఆయన మొదటి ఆటలో పులులను తానే ఉంచుకొనేవాడు. పక్షాలు మార్చుకొని రెండవ ఆట ఆడుదామనేసరికి పొద్దుపోయిందని లేచేవాడు.