తిరుగుదారి: నేలమాళిగ ఆటల యాభై ఏళ్లు

రోల్‌ప్లేయింగ్ వీడియోగేమ్‌లలో డంజన్ అంటే ఒక నేలమాళిగో, గుహో, పాడుబడ్డ కోటో. ఆటగాడు అందులోకి దిగుతాడు, రాక్షసులతో పోరాడతాడు, నిధి తెచ్చుకుంటాడు. ఈ దిగడంలో అంత తృప్తి ఏముందని అడిగితే చాలామంది నిధినే చూపిస్తారు. ఆ జవాబు చాలదు. ఈ ఆటల చరిత్రను వరసగా చూస్తే తృప్తి అంతా దారిలోనే ఉందని తెలుస్తుంది. మొదట భయపెట్టిన చీకటి కాస్త కాస్తగా తెలిసిన చోటవుతుంది. చేతిలోని వెలుగూ తిండీ ప్రాణమూ అయిపోకముందే వెనక్కి రావాలి. ఈ రెండూ కలిసినచోటే డంజన్ మనసుకు పడుతుంది.

మన కథలకు ఈ సంగతి ఎప్పటి నుంచో తెలుసు. కిష్కింధకాండలో సీతను వెతుకుతూ దాహంతో సొమ్మసిల్లిన వానరులకు ఒక బిలం కనిపిస్తుంది. అందులోంచి తడిసిన రెక్కలతో, పద్మాల పుప్పొడి అంటుకుని నీటిపక్షులు బయటికి వస్తుంటాయి. లోపల నీళ్లుండి తీరాలని హనుమంతుడు ఊహిస్తాడు. ఒకరినొకరు పట్టుకుని కటిక చీకట్లో యోజనం దూరం నడుస్తారు. లోపల బంగారు చెట్లున్నాయి, మేడలున్నాయి, తపస్విని స్వయంప్రభ ఉంది. కానీ సుగ్రీవుడు పెట్టిన నెల గడువు ఆ బిలంలోనే గడిచిపోతుంది. స్వయంప్రభ కళ్లు మూసుకోమని బయటికి చేర్చకపోతే వాళ్లకు తిరుగుదారే లేదు. గుర్తు చూసి ఊహించడం, లోపలికి వెళ్లినందుకు మూల్యం చెల్లించడం, బయటపడటమే అన్నిటికన్నా కష్టం కావడం: మంచి డంజన్‌కు కావలసిన సరంజామా అంతా ఇక్కడుంది. పద్మవ్యూహంలోకి వెళ్లడం తెలిసి, రావడం తెలియని అభిమన్యుడి కథ తెలుగు పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీ మజిలీ కథల నుంచి 1951 నాటి ‘పాతాళభైరవి’ దాకా, చందమామలో 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’ వంటి సీరియళ్ల దాకా ఈ సరుకు మన దగ్గర దండిగా ఉంది.

అమెరికాలో ఇది ఆటగా మారింది 1974లో, కాగితం మీద పాచికలతో ఆడే ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో. కంప్యూటర్‌లోకి వచ్చిన దారుల్లో ఒకటి మాత్రం నిజమైన గుహ మీదుగా సాగింది. విల్ క్రౌథర్ ప్రోగ్రామరే కాక, కెంటకీలోని మామత్ గుహల్లో పాకి కొలతలు తీసి పటాలు గీసినవాడు. 1976 ప్రాంతంలో ఆయన రాసిన ‘కొలోసల్ కేవ్’ ఆటకు ఆ గుహల అమరికే ఆధారం. (మన బేలం గుహలకూ అలాంటి చరిత్ర ఉంది: 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటిని ప్రస్తావించాడు, 1980ల తొలినాళ్లలో హెర్బర్ట్ డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలంతా తిరిగి కొలిచింది. మూడు కిలోమీటర్లకు పైబడ్డ ఆ సొరంగాల మీద తెలుగులో ఇంకా ఎవరైనా ఆట రాయవలసే ఉంది.) డాన్ వుడ్స్ 1977లో క్రౌథర్ ఆటను పెంచాడు. అందులో దీపం బ్యాటరీ అయిపోతుంది. నిధి దొరికితే చాలదు, పైనున్న ఇంటికి తెచ్చి పెడితేనే పూర్తి మార్కులు. అచ్చు ఒకేలా ఉండే మలుపుల్లో ఏ గది ఏదో తెలియాలంటే చేతిలోని వస్తువుల్ని ఒక్కో గదిలో వదిలి గుర్తు పెట్టుకోవాలి.

1980లో వచ్చిన ‘రోగ్’ ఇంకో అడుగు వేసింది. ఇరవై ఆరో అంతస్తులో యెండర్ తాయెత్తు దొరుకుతుంది. దాన్ని పట్టుకుని మళ్లీ అన్ని అంతస్తులూ ఎక్కి బయటపడితేనే గెలుపు. ఇక్కడ ఒక ఆక్షేపణ సబబైనదే: రోగ్‌లో ప్రతిసారీ గదులు కొత్తగా పుడతాయి, దారి నేర్చుకునే వీలే లేదు, మరి తృప్తి దారిలో ఉందనడం ఎలా? గదులు మారినా వాటి వెనకున్న కట్టడి మారదు. ఏ రాక్షసి ఎంత లోతున ఎదురవుతుందో, పేరు తెలియని పానీయాన్ని ఎప్పుడు తాగాలో, ఎప్పుడు పారిపోవాలో పదిసార్లు చచ్చినవాడికి తెలుస్తుంది. మనసులో గీసుకున్న ఆ పటమే అతనికి దారి. 1981 నాటి ‘విజార్డ్రీ’ది నేరు పద్ధతి: పది అంతస్తులు, ఒక్కోటీ ఇరవై గళ్లు పొడవు, ఇరవై గళ్లు వెడల్పు. ఆటగాళ్లు గ్రాఫ్ కాగితం మీద పెన్సిల్‌తో గీసుకునేవారు. తెలియకుండా దిక్కు తిప్పేసే గళ్లుండేవి. పటం ఎక్కడో తప్పిందని పది అడుగులు దాటాక గానీ తెలిసేది కాదు. బృందమంతా చస్తే శవాలు అక్కడే ఉండిపోయేవి, వాటిని తేవడానికి ఇంకో బృందాన్ని పంపాలి. ఇంత కర్కశమైన ఆటను జనం అంత ఇష్టపడ్డారంటే కారణం ఆ కాగితమే. అందులో ప్రతి గీతా వాళ్లు కష్టపడి గీసుకున్నది.

1992లో ‘అల్టిమా అండర్‌వరల్డ్’ పటాన్ని తనే గీసిపెట్టింది. కానీ దాని మీద ఆటగాడు సొంత మాటలు రాసుకునే చోటు ఇచ్చింది. 1996 చివర్లో వచ్చిన ‘డయాబ్లో’ మాత్రం ఒక్క మంత్రపత్రంతో ఊళ్లోకి చేరే నీలి ద్వారం తెరిచింది. లక్షలమంది దాన్ని ప్రేమించారు కదా, నిధే చాలని అది రుజువు చేయలేదా అనేవారున్నారు. నా దృష్టిలో డయాబ్లో ఇచ్చింది వేరే సుఖం: చెయ్యి ఆగని పోరాటం, తర్వాతి ఆయుధం కోసం ఎదురుచూపు. అది తక్కువదేం కాదు. కానీ అక్కడ నేలమాళిగ స్థలంగా గుర్తుండదు.

2011లో రెండు దారులూ పక్కపక్కనే కనిపించాయి. ‘స్కైరిమ్’లో చాలా గుహలు చివరి గదిలో నిధి పెట్టి, ఆ పక్కనే ఒక తలుపో మెట్లో చూపి నేరుగా వాకిట్లోకి దింపేస్తాయి. సౌకర్యమే, కానీ వచ్చిన దారిని మళ్లీ చూసే అవసరం పోయింది. ‘డార్క్ సోల్స్’ అసలు పటమే ఇవ్వలేదు. గంటల తరబడి చావు అంచున నడిచి ఒక చర్చిలోకి చేరతాం; అక్కడి లిఫ్ట్ ఎక్కితే కిందికి దిగి, మొదట బయల్దేరిన ఫైర్‌లింక్ గుడి పక్కనే ఆగుతుంది. ఎంతో దూరం వచ్చామనుకున్నది ఇంటి మీది అంతస్తేనని అప్పుడు తెలుస్తుంది. ఏ ఆయుధమూ ఇవ్వని ఆనందం ఆ లిఫ్ట్ ఇస్తుంది.

ఉద్యోగాలూ చదువులూ ఉన్నవాళ్లకు కాగితాలు గీసుకునే తీరిక ఏదీ అన్నది నేను తోసిపుచ్చలేని అభ్యంతరం. హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టళ్లలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు ఆటంటే ఫోన్‌లో అరగంట. నారాయణగూడ, హైదర్‌గూడ వైపు నెట్ సెంటర్లు నడిచిన రోజుల్లోనూ కంప్యూటర్ గంటల లెక్కన అద్దెకు దొరికేది. వారాల తరబడి సాగే ఆట ఆ లెక్కలో ఇమడదు. డంజన్ ఆటలు మన దగ్గర వేళ్లూనుకోకపోవడానికి ఇదొక ముఖ్య కారణమనుకుంటాను. కానీ దానికి జవాబు దారిని తీసేయడం కాదు, చిన్నది చేయడం. 2007 నాటి ‘ఎట్రియన్ ఒడిస్సీ’ చేతిలో పట్టే నింటెండో డీఎస్ తెర మీద పుల్లతో పటం గీసుకోనిచ్చింది. పది నిమిషాల్లో ఒక మలుపు గీసి ఆపేయవచ్చు, ఆ మలుపు మనదే.

ఇవాళ హైదరాబాద్‌లో ఆటలు తయారుచేసే స్టూడియోలున్నాయి. ఫోన్ తెర మీద వేలితో గీయడం ఎవరికీ నేర్పక్కర్లేదు. చందమామ సీరియళ్లలాంటి కథను ఆటగా మలచాలనుకునే వాళ్లకు నా విన్నపం ఒక్కటే: చివరి గదిలో నిధి పక్కన బయటికి తలుపు పెట్టకండి, వచ్చిన దారినే వెనక్కి నడవనివ్వండి.