ఇంటి రుణానికి తోడుగా కుటుంబ కానుక

కోల్‌కతాలో 60 లక్షల రూపాయల ఫ్లాట్ కొనదలచిన వారికి బ్యాంకు పూర్తి ధరను రుణంగా ఇవ్వదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉండే గృహరుణం ఆస్తి విలువలో 80 శాతానికి మించరాదు. అంటే గరిష్ఠంగా 48 లక్షలు. మిగిలిన 12 లక్షలకు తోడు, 6 శాతం స్టాంపు డ్యూటీ, 1 శాతం రిజిస్ట్రేషన్ రుసుము కింద మరో 4 లక్షల 20 వేలు కొనుగోలుదారే సమకూర్చుకోవాలి. పలు కుటుంబాలలో ఈ లోటును పూడ్చేది పెద్దల కానుకే.

తల్లిదండ్రులు, తోబుట్టువులు, అత్తమామలు, మేనమామ, బాబాయి వంటి బంధువులు ఎంత సొమ్ము ఇచ్చినా, దానిపై గ్రహీత ఆదాయపు పన్ను చెల్లించనక్కరలేదు. అయితే అన్నయ్య అని పిలిచే పెదనాన్న కుమారుడు ఈ చట్టం దృష్టిలో బంధువు కాడు. అటువంటి వారి నుంచి ఏడాదిలో అందిన సొమ్ము 50 వేలు దాటితే, ఆ మొత్తమంతా పన్ను పరిధిలోకి వస్తుంది. గ్రహీత వివాహ సందర్భంగా అందిన కానుకలకు మాత్రం మినహాయింపు ఉంది.

ఒకరి నుంచి 2 లక్షలు, ఆపైన నగదుగా స్వీకరించరాదు. బ్యాంకు ఖాతా ద్వారా అందుకోవడమే క్షేమం. సొమ్ము తిరిగి ఇవ్వనక్కరలేదని దాత లిఖితపూర్వకంగా తెలపడం మేలు. తిరిగి ఇవ్వవలసినదైతే అది కానుక కాదు, అప్పు. ఆ భారాన్ని రుణ దరఖాస్తులో చూపాలి. కానుక ఇచ్చినంత మాత్రాన దాతకు ఇంటిలో వాటా రాదు. వాటా ఆశించేవారు ఆ సంగతిని రిజిస్ట్రేషన్‌కు ముందే తేల్చుకోవాలి.