సుంకము వేయు అధికారము

సుంకములు విధించు అధికారమును అమెరికా రాజ్యాంగము కాంగ్రెసుకే ఇచ్చినది. అత్యవసర పరిస్థితి పేర ఆ హద్దు ఎట్లు కదలినదో, మరల ఎట్లు నిలిచినదో చూతము.

1971 ఆగస్టు 15న అధ్యక్షుడు నిక్సన్ జాతీయ అత్యవసర పరిస్థితిని ప్రకటించి, సుంకము పడు దిగుమతులపై నూటికి 10 వంతున అదనపు సుంకము విధించెను. డిసెంబరులోనే అది రద్దయ్యెను. కాని జిప్పులు దిగుమతి చేసికొను యోషిడా సంస్థ తాను చెల్లించిన సొమ్ముకై వ్యాజ్యము వేసెను. 1974లో కస్టమ్సు కోర్టు సంస్థ పక్షమున తీర్పు చెప్పెను. ప్రభుత్వము చూపిన ఆధారము శత్రువులతో వర్తకమును గూర్చిన 1917 నాటి చట్టము. నిక్సన్ ప్రకటనలో దాని పేరైనను లేదు! అయినను ఆ చట్టములోని ‘దిగుమతులను క్రమబద్ధము చేయుట’ అను మాటలలో సుంకమును ఇమిడియున్నదని 1975లో అప్పీలు న్యాయస్థానము ఆ తీర్పును కొట్టివేసెను. అయితే ఈ అధికారము హద్దులేనిది కాదనియు హెచ్చరించెను.

1977 నాటి అత్యవసరాధికార చట్టములోనికి ఆ మాటలే చేరినవి. 2025లో అధ్యక్షుడు ట్రంప్ వానినే ఆధారము చేసికొని అనేక దేశముల సరకులపై సుంకములు వేయగా, వర్తకులును, కొన్ని రాష్ట్రములును కోర్టుల కెక్కిరి. 2026 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఆ మాటలు సుంకము వేయు అధికార మీయవని తేల్చెను.

అత్యవసరము తాత్కాలికమే కావచ్చును. దానికై వ్రాసిన మాట మాత్రము చట్టమున నిలిచిపోవును. దాని అర్థమును తేల్పుటకు ఒక చిన్న వర్తకుని వ్యాజ్యమైనను చాలునని మనము గ్రహింపవలెను.