రాసినవారి అర్థం, విన్నవారి అర్థం: చారిత్రక ఆధారంగా ఒక రాక్ పాట

లక్ష్యాలు

ఈ పాఠభాగం చదివిన తరువాత మీరు:
• ఒక పాట రచనాకాలాన్ని, అది జనాదరణ పొందిన కాలాన్ని వేరుచేసి చూడగలుగుతారు.
• శ్రోతలు పాటకు ఇచ్చుకొన్న అర్థాన్ని చరిత్రకారుడు ఎలా ఉపయోగించుకోవాలో వివరించగలుగుతారు.

1. పరిచయం

శాసనాలు, నాణేలు, ప్రభుత్వ పత్రాలు చారిత్రక ఆధారాలని మీకు తెలుసు. ఆధునిక చరిత్రకు ప్రజలు పాడుకొన్న పాటలు కూడా ఆధారాలే. అయితే పాట ఎవరి సాక్ష్యం? రాసినవారిదా, విన్నవారిదా?

ఈ ప్రశ్నకు 'విండ్ ఆఫ్ చేంజ్' అనే రాక్ పాట మంచి ఉదాహరణ. 'మార్పు గాలి' అని దీని అర్థం. పాడినవారు పశ్చిమ జర్మనీలోని హానోవర్ నగరానికి చెందిన స్కార్పియన్స్ బృందం. 1989 నవంబరు 9న బెర్లిన్ గోడ తెరుచుకొన్న సంఘటనను తలచుకొంటే యూరప్‌లో చాలామందికి ఈ పాటే గుర్తుకు వస్తుంది. గోడ కూలడం చూసి రాసిన పాట అని నమ్మేవారూ ఉన్నారు. తేదీలు పరిశీలిస్తే విషయం వేరుగా కనిపిస్తుంది.

2. పాట పుట్టుక

1985లో సోవియట్ కమ్యూనిస్టు పార్టీ నాయకత్వం చేపట్టిన గోర్బచేవ్ 'పెరిస్త్రోయికా', 'గ్లాస్‌నోస్త్' విధానాలను ప్రవేశపెట్టాడు. పాశ్చాత్య సంగీత బృందాలకు అక్కడ తలుపులు తెరుచుకోసాగాయి. స్కార్పియన్స్ 1988లో లెనిన్‌గ్రాడ్‌లో కచేరీలు చేశారు. 1989 ఆగస్టు 12, 13 తేదీలలో మాస్కో లెనిన్ స్టేడియంలో జరిగిన శాంతి సంగీతోత్సవంలో అమెరికన్, సోవియట్ బృందాలతో కలిసి పాల్గొన్నారు. భద్రత కోసం నిలబెట్టిన సైనికులు కూడా వేదిక వైపు తిరిగి సంగీతంలో లీనమయ్యారని గాయకుడు క్లౌస్ మైనె తరువాత చెప్పాడు. ఆ అనుభవం నుంచే, గోడ తెరుచుకోవడానికి ముందే, అతడు ఈ పాట రాశాడు.

సాహిత్యంలో ఉన్నది మాస్కో నగరమే: అక్కడి నది, గోర్కీ పార్కు, ఆగస్టు రాత్రి, నడిచివెళ్ళే సైనికులు, రష్యన్ వాద్యమైన బలలైకా. బెర్లిన్ పేరు గాని, గోడ ప్రస్తావన గాని ఎక్కడా లేదు.

3. శ్రోతల చేతిలో పాట

పాట 1990 నవంబరులో ఆల్బమ్‌లోనూ, 1991 జనవరిలో విడి రికార్డుగానూ వెలువడింది. అప్పటికి గోడ తెరుచుకొని ఏడాది దాటింది. జర్మనీ ఏకీకరణ కూడా 1990 అక్టోబరు 3న పూర్తయింది. అంటే పాట చెవిన పడేనాటికే శ్రోతల కళ్ళముందు బెర్లిన్ దృశ్యాలున్నాయి. పాట వీడియోలో కూడా గోడ దృశ్యాలు చేర్చారు. 1991లో ఇది జర్మనీలో అమ్మకాలలో మొదటి స్థానానికి చేరింది.

మాటలలో ఉన్న వెసులుబాటు కూడా ఇందుకు కారణమే. భవిష్యత్తు, సోదరభావం, స్వేచ్ఛ వంటి మాటలలో ఎవరి అనుభవాన్ని వారు నింపుకోగలరు. పాటలో స్వేచ్ఛా గంట ప్రస్తావన ఒకటుంది. పశ్చిమ బెర్లిన్‌లోని షోనెబెర్గ్ పురభవనంలో 1950 నుంచి అదే పేరుగల గంట ఉంది. ఆ మాట బెర్లిన్ వాసికి తన ఊరి గంటలా వినిపించడంలో ఆశ్చర్యం లేదు.

సోవియట్ శ్రోతలకు మాత్రం అది తమ పాటే. బృందం రష్యన్ భాషలోనూ దానిని రికార్డు చేసింది. 1991 డిసెంబరులో గోర్బచేవ్ వారిని క్రెమ్లిన్‌లో కలుసుకొన్నాడు. ఆ నెలాఖరుకు సోవియట్ యూనియన్ రద్దయింది.

4. మారిన కాలం, మారిన పాదాలు

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై పూర్తిస్థాయి దండయాత్ర ప్రారంభించింది. ఆ ఏడాది కచేరీలలో స్కార్పియన్స్ పాట మొదటి పాదాలను మార్చి, మాస్కో వర్ణన తీసివేసి ఉక్రెయిన్‌ను చేర్చారు. రాసిన వ్యక్తికే పాత మాటలు నోట రాని స్థితి వచ్చింది. శ్రోతలే కాక, కవి కూడా తన పాటను తన కాలం నుంచే వింటాడని దీనివల్ల తెలుస్తుంది.

5. చరిత్రకారుని దృష్టి

'గోడ కూలడం చూసి రాశారు' అన్నది తేదీల ప్రకారం తప్పు. 'గోడ కూలిన కాలపు పాట' అన్నది శ్రోతల అనుభవం ప్రకారం నిజం. మొదటి వాక్యాన్ని సరిదిద్దాలి. రెండవదానిని ఆధారంగా స్వీకరించాలి. ప్రచ్ఛన్నయుద్ధం ఎందుకు ముగిసిందో ఈ పాట చెప్పలేదు. ఆ ముగింపును చూసిన సామాన్యులు ఎంతటి శాంతిని ఆశించారో చెప్పగలదు. ఆ ఆశ తరువాత నెరవేరకపోయినా, అప్పట్లో ఉండేదన్నది చారిత్రక సత్యమే. ప్రభుత్వ పత్రాలలో అది సులభంగా దొరకదు.

6. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'విండ్ ఆఫ్ చేంజ్' రచనాకాలానికి, విడుదలకు మధ్య జరిగిన సంఘటనలు శ్రోతల అవగాహనను ఎలా ప్రభావితం చేశాయి?
2. మీ ప్రాంతంలో ప్రచారంలో ఉన్న ఒక ఉద్యమగీతాన్ని ఎన్నుకోండి. అది ఎప్పుడు, ఏ సందర్భంలో పుట్టిందో, నేడు వినేవారు దానిని దేనితో ముడిపెడుతున్నారో పెద్దలను అడిగి ఒక పేజీలో రాయండి.