పడమటి నుంచి వచ్చిన వరద

రెడ్ రివర్ ఉత్తరానికి పారుతుంది. అమెరికాలో మిన్నెసోటా, నార్త్ డకోటాల మధ్య సరిహద్దుగా సాగి, కెనడాలోని విన్నిపెగ్ సరస్సులో కలుస్తుంది. మంచుయుగం చివర ఇక్కడున్న అగాసిజ్ మహాసరస్సు అడుగే నేటి లోయ. లోయ అనడమే గానీ చుట్టూ కొండలేమీ లేవు. మైలుకు అడుగు వాలు కూడా ఉండని బల్లపరుపు నేల. ఆ నల్లటి బంకమన్నులో గోధుమ విరగపండుతుంది. వాన పడితే బండి ఇరుసుదాకా దిగబడుతుంది.

1872లో నార్తర్న్ పసిఫిక్ రైలు నది దాటి ఫార్గో చేరింది. ఊరి పేరు కూడా కంపెనీ డైరెక్టరు విలియం ఫార్గోదే. మరుసటి ఏడాదే కంపెనీ ఆర్థికంగా చితికింది. బాండ్లు కొన్నవాళ్లు వాటికి బదులు రైల్వే భూములు తీసుకున్నారు. ఆలివర్ డాల్రింపుల్ నడిపిన వేల ఎకరాల ‘బొనాంజా’ గోధుమ క్షేత్రాలు అలా పుట్టినవే. 1878లో కెనడాలోని విన్నిపెగ్ నగరానికీ పట్టాలు పడ్డాయి. అంతవరకూ కందెన లేని ఇరుసులతో కీచుమంటూ సరుకు మోసిన మేటీల (ఆదివాసీ, ఐరోపా మిశ్రమ సంతతివారి) చెక్కబండ్లకు కాలం చెల్లింది.

రోడ్లను గీసింది సర్వే గొలుసు. మైలు పొడవు, మైలు వెడల్పున భూమిని చదరాలుగా కోసి, గీతల వెంట రోడ్లు వేశారు. కెనడా వైపు మేటీల పొలాలు మాత్రం నది ఒడ్డు నుంచి వెనక్కి సాగే సన్నటి పట్టీలు. 1869 అక్టోబరులో చదరాలు కొలవడానికి వచ్చిన బృందాన్ని మేటీల నాయకుడు లూయీ రియల్, అతని సహచరులు అడ్డుకున్నారు. నది పక్కన ఆ పట్టీలు నిలిచాయి. తక్కిన చోట్ల చదరాలదే రాజ్యం.

ఇక పొలాల నీటిని తీసే మురుగు కాలువలు. తవ్విన మట్టిని పక్కనే పోస్తే రోడ్డు ఎత్తయ్యేది. రైల్వే అధిపతి జేమ్స్ హిల్ కూడా ఈ పనికి సొమ్ము పెట్టాడు. దానమేమీ కాదు: పొలం ఆరితేనే గోధుమ, గోధుమ పండితేనే వ్యాగన్లకు సరుకు. కెనడా వైపు మానిటోబా ప్రావిన్సు 1895లో మురుగుపారుదలకు చట్టమే చేసింది.

చిక్కల్లా వసంతంలో. దక్షిణాన మంచు ముందు కరుగుతుంది, ఉత్తరాన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. పొలాల నీటిని కాలువలు త్వరగా తెచ్చిపోస్తాయి. తూము చాలనిచోట రోడ్డే ఆనకట్ట. 1997లో గ్రాండ్ ఫోర్క్స్ దగ్గర నది 54.35 అడుగులకు చేరి, దాదాపు ఊరంతా ఖాళీ అయింది. 1968లో పూర్తయిన 47 కిలోమీటర్ల వరద కాలువ విన్నిపెగ్‌ను గట్టెక్కించింది. దానికి దక్షిణాన ఉన్న సెంట్ అగాత్‌కు ఆ అండ లేదు. ఊరివాళ్లు తూర్పున నదివైపు కాపు కాశారు. నీళ్లు పడమటి పొలాల మీదుగా వచ్చాయి. ఆ ఊరి చుట్టూ కట్ట పోసింది ఆ తర్వాతే.