వూఫరు

మంద్రస్వరములను పలికించు పెద్ద స్పీకరునకు ‘వూఫరు’ అను పేరు, కుక్క మొఱుగును ఆంగ్లేయులు అనుకరించు ‘వూఫ్’ అను ధ్వనినుండి పుట్టినది. తారస్వరముల చిన్న స్పీకరు, పిట్టకూతనుబట్టి, ‘ట్వీటరు’ అయినది. మన కుక్కలు ‘భౌ’ మనునవి గనుక, తెలుగువాడే పేరు పెట్టియుండినచో అది ‘భౌవరు’ అయ్యెడిదేమో! నేడు ఆటో వెనుకసీటు క్రింద దడదడలాడు పెట్టెయు వూఫరే.

సికింద్రాబాదు బోయిగూడలో ఏ యింటి అటకపైనుండియైనను 1970ల నాటి స్పీకరు పెట్టెను దింపి, కాగితపు శంకువు చుట్టునున్న ఫోము వలయమును వ్రేలితో తాకినప్పుడు అది నల్లని జిగట పొడియై రాలినచో ఆశ్చర్యపడ నక్కఱలేదు. ఏలయన పాలియురిథేన్ ఫోము, వాడినను వాడకున్నను, గాలిలోని తేమకును ప్రాణవాయువునకును లోబడి కాలక్రమమున శిథిలమగును. అంతమాత్రమున స్పీకరే చెడెనని పాతసామానువానికి తూచివేయుట తొందరపాటు. శంకువు, అయస్కాంతము, తీగచుట్ట తఱచు చెక్కుచెదరకయే యుండును గనుక, వలయమును మాత్రమే మార్చిన చాలును.

స్పీకరు ఎవరి తయారీయో గుర్తించుటకు దాని చట్రమే ఆధారము: పాత అమెరికా స్పీకర్లపై అచ్చొత్తిన సంఖ్యలో తొలి అంకెలు, తఱచు మూడు, తయారీదారును తెలుపును, 220 అన్నచో జెన్‌సెన్. క్రొత్త వలయమునకు శంకువు వ్యాసమునే కొలువవలెను, ‘పది అంగుళములది’ అన్నమాట చాలదు. వలయమును అతికించిన పిదప శంకువును మెల్లగా నొక్కగా గరగర వినవచ్చినచో, తీగచుట్ట నడుమనుండి తొలగినదన్నమాట. జిగురు ఆఱకముందే సరిదిద్దవలెను.